అంగడి ఖాతా, సంఘం పాసుపుస్తకం

(నంద్యాలలో పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "సభ్యుల విశ్వాసం". దీనిమీద సర్క్యులర్లు చాలా వచ్చాయి. మీరు చదివారు, ఫైలులో పెట్టారు. కనుక ఈరోజు మన ఊళ్ళ పాత అంగళ్ళను గురించి మాట్లాడతాను.

నంద్యాలలోగానీ ఆళ్లగడ్డలోగానీ తాత, తండ్రి, కొడుకు వరుసగా కూర్చున్న కిరాణా అంగళ్ళు ఇంకా ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల కుటుంబాలు పెండ్లి సరుకు మొదలు ఎనుములకు పెట్టే పత్తిగింజల చెక్క వరకు అక్కడే తెచ్చుకుంటాయి. ధర తక్కువని కాదు. నాలుగంగళ్ళవతల తక్కువకే దొరుకుతుంది. అయినా పోరు. వానలు లేని యేడు "సుగ్గికి ఇద్దువులే" అని సరుకు కట్టించి పంపిన మనిషిని ఏ కుటుంబం మరిచిపోతుంది?

అయితే నేను వారిని పొగడడానికి రాలేదు. ఆ ఖాతా రాసేది ఒకరు, తీర్చేది మరొకరు. చదువురాని మనిషికి అందులో ఏముందో తెలియదు. అరువు సరుకుకు ధర ఒక మెట్టు పైనే ఉంటుంది. ఇంగ్లాండులో రాక్‌డేల్ పట్టణపు శ్రమజీవులకూ ఇదే బాధ ఉండేది. కల్తీ పిండి, తక్కువ తూకం, తీరని అరువు. 1844 డిసెంబరు 21న 28 మంది కలిసి పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులతో సొంత అంగడి తెరిచారు. సరుకు కల్తీ లేనిది, తూకం నిండైనది, అమ్మకం రొక్కానికే, మిగులు కొన్నదాన్నిబట్టి పంపకం. మీరు పోసిన పాలనుబట్టి బోనసు పంచడానికి మూలం అదే. వారు అరువు వదులుకున్నారు కాబట్టి, మనుషులను నిలబెట్టుకోవడానికి వారికి మిగిలింది తూకమొక్కటే.

మన స్థితీ అంతే. ప్రైవేటు పాలవ్యాపారి ఎనుము కొనడానికి అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా పాలు అతనివే, వెన్న శాతం చెప్పేదీ అతనే. సంఘం ఆ అడ్వాన్సుతో పోటీపడలేదు. పడరాదని కూడా నా అభిప్రాయం. మనకున్నది పరీక్ష ఒక్కటే.

లెక్క చూడండి. ఒక ఇంటివారు రోజుకు 10 లీటర్లు పోస్తారు. అసలు వెన్న 6.5 శాతం, పుస్తకంలో 6.3 రాశారు. రోజుకు సుమారు 20 గ్రాముల వెన్న పోయింది. కిలో వెన్నకు 700 రూపాయల చొప్పున వేసుకుంటే రోజుకు 14 రూపాయలు, నెలకు 420. ఆ ఇంటి చెక్క ఖర్చులో అది చిన్న భాగం కాదు.

ఒక సంఘానికి తనిఖీకి పోయినప్పుడు (పేరు అనవసరం) వారం రోజుల పుస్తకంలో అందరికీ 6.0 అని ఉంది. అడిగితే యాసిడ్ అయిపోయిందన్నారు! నలభై మందికి పైగా పోసేచోట పదిహేను మంది మిగిలారు. తర్వాత యాసిడ్ తెప్పించి, అరుగు మీద అందరి ఎదుట పరీక్ష చేశారు. కొందరే తిరిగి వచ్చారు. మిగతావారు అప్పటికే అడ్వాన్సు తీసుకున్నారు.

ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలు వచ్చాయి. మంచిదే. కానీ యంత్రం కూడా తప్పుతుంది. అప్పుడప్పుడూ గర్బర్ పద్ధతితో సరిచూడాలి. 10 మిల్లీలీటర్ల యాసిడ్, 10.75 పాలు, 1 అమైల్ ఆల్కహాల్. ఆ ముప్పావు మిల్లీలీటరు దగ్గరే చేతివాటం చూపుతారు, నాకు తెలుసు.

ఆళ్లగడ్డ శిల్పుల కొట్టాలు మీరంతా చూసినవే. అవీ తరాలుగా ఇంటిల్లిపాది బతుకుతెరువు. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. శిల్పి ఉలి పెట్టకముందే రాయిని తట్టి నాదం వింటాడు. లోపల పగులుంటే ఆ రాయి విగ్రహానికి పనికిరాదు, పక్కన పెట్టేస్తాడు. మనవారు క్యాను మూత తీసి వాసన చూడడానికి బద్ధకిస్తారు. ఒక్క పులిసిన క్యాను కలిస్తే ఊరందరి పాలూ పోతాయి.

ఇక బిల్లుల మాట. పాల బిల్లు నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ ఇల్లాలు మళ్ళీ అంగడి ఖాతాకే పోతుంది. మన ఆలస్యం అక్కడ అరువుగా పెరుగుతుంది. తేదీ తప్పేటట్లుంటే ముందురోజే బోర్డుమీద రాయండి. చెప్పకుండా తప్పించుకు తిరగడం మర్యాద కాదు.

మరొకటి. ఎనుముకు సొప్ప వేసేది, పాలు పితికేది, తెల్లవారుజామున క్యాను మోసేది ఆడవారు. వాటాధనం మాత్రం మగవారి పేర. ఓటు, బోనసు, మహాజనసభ నోటీసు అన్నీ ఆయనకే. పాలు పోసేవారినే సభ్యులుగా చేర్చుకోవడానికి మీ కమిటీ వచ్చే సమావేశంలో తీర్మానం పెట్టండి. ఈ ఒక్క పని ఇన్నేళ్ళుగా చెబుతున్నా వాయిదా పడుతూనే ఉంది.

భోజనాల తర్వాత యంత్రాన్నీ గర్బర్ సీసాలనూ పక్కపక్కన పెట్టి పరీక్ష చూపిస్తారు. మీరు తెచ్చిన పాల నమూనాల మీద సంఘం పేరు రాసి ఇప్పుడే ఇచ్చేయండి. ఎండకు విరిగితే పరీక్షకు పనికిరావు.