పొట్టిముక్కు చిట్టికుక్క



వికారాబాదు జిల్లా బంట్వారము వంటి ఊరిలో ఎవరైనను ముడుతల మోము, నల్లని మూతి, చుట్ట చుట్టుకొన్న తోక గల చిన్న కుక్కను వీధిలోనికి తెచ్చినచో, పిల్లలు దానిని పగ్ అని పిలువరు; "హచ్ కుక్క" అందురు. 2003వ సంవత్సరములో హచ్ అను టెలిఫోను సంస్థ వారి ప్రకటనలో, ఒక బాలుడు పోయిన చోటికెల్ల వెంటబోయిన కుక్క ఇదియే. ఆ సంస్థ 2007లో వొడాఫోన్ అయినది. హచ్ అను పేరు అంగళ్ల పలకలపై నుండి ఏనాడో తొలగినది గాని, కుక్కకు మాత్రము నిలిచిపోయినది. మన కుటుంబములు పెక్కింటికి ఈ జాతి తొలుత పరిచయమైనది ఆ ప్రకటన వలననే. ఇది వెంట విడువని నేస్తమని ఆ ప్రకటన చూపినది. అది నిజమే. అందులో చూపని సంగతి యొకటి కలదు. దానినే నేడు మీకు మనవి చేయుచున్నాను.

పగ్ జన్మభూమి చైనా దేశము. అచ్చటి సంపన్నుల మందిరములలో ఒడిలో పెరిగిన ఈ కుక్క, తరువాత ఐరోపా రాజకుటుంబములకును ప్రీతిపాత్రమైనది. ఆంగ్ల చిత్రకారుడు విలియం హోగార్త్ 1745లో పూర్తిచేసిన తన స్వీయచిత్రములో, ట్రంప్ అను తన పగ్‌కు ముందువరుసలోనే చోటిచ్చెను. ఆ చిత్రమును చూచినవారికి ఒక విశేషము తోచును: ఆ కుక్క ముక్కు నేటి పగ్‌ల ముక్కు కంటె పొడవుగా నున్నది. ముఖము చదునైన కొలది ముద్దుగా నుండునని ఎంచి, అట్టి వానినే ఏరి ఏరి జతపరచుచు, తరతరములుగా మానవుడే ఆ ముక్కును నొక్కివేసినాడు.

ఇంటిలో పెంచుకొనుటకు దీని గుణములు మెచ్చదగినవే. ఇది వేటకు గాని, మందకాపుకు గాని ఉద్దేశింపబడినది కాదు. మనుష్యునితో కూడి యుండుటయే దీని వృత్తి. బరువు సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది కిలోలు. చిన్న ఇంటిలోనైనను ఇముడును. పిల్లలతో ఆడును, వృద్ధుల కాళ్లకడ పరుండును. వెండ్రుకలు పొట్టివే యైనను విపరీతముగా రాలును. ఇల్లు తాళము పెట్టి దినమెల్ల బయట తిరుగువారికి ఈ కుక్క తగదు. ఒంటరితనమును ఇది ఓర్వలేదు.

ఇక అసలు విషయము. కుక్క మనవలె ఒడలెల్ల చెమర్చి చల్లబడదు. నోరు తెరచి వగర్చుచు, తడిసిన నాలుక మీదుగను ముక్కు లోపలి పొరల మీదుగను గాలిని పోనిచ్చి, ఒంటి వేడిని వెలికి పంపును. పగ్‌కు పుఱ్ఱె పొట్టిదైనను, లోపలి మెత్తని కండ ఆ మేరకు తగ్గలేదు. కొండనాలుక వైపు అంగిలి గొంతునకు అడ్డుపడును. ముక్కు రంధ్రములు సన్నని చీలికలై యుండును. మనము విని నవ్వుకొను ఆ గురక, చాల సందర్భములలో గాలికై అది పడు పాటు.

బంట్వారములో నాకు తెలిసిన ఒక ఇంట ఇట్టి కుక్క కలదు. ఒక మే నెల మధ్యాహ్నము పిల్లలు వాకిట బంతి విసరుచుండగా అది తెచ్చి యిచ్చుచుండెను. నాలుక బారెడు వ్రేలాడుచున్నది; అది ఉత్సాహమే యనుకొన్నారు. గడపలో కూర్చున్న నాయనమ్మ ఆ చప్పుడు విని, "అది ఆడుతలేదు బిడ్డా, దానికి దమ్మాడ్తలేదు" అన్నది. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి, పంకా వేసి, పశువైద్యునికడకు కొనిపోయిరి. బ్రదికినది. ఆ ముసలమ్మ వినిపించుకొననిచో ఏమయ్యెడిదో!

ఈ భయము ఒక్క ఇంటిది కాదు. లండనులోని రాయల్ వెటర్నరీ కళాశాల పరిశోధకులు బ్రిటనులోని వేలకొలది కుక్కల వైద్యచరిత్రలను పరిశీలించి, 2022లో ఫలితములను వెల్లడించిరి. ఏడాదిలో ఏదో యొక రుగ్మత కలుగు అవకాశము ఇతర కుక్కలకంటె పగ్‌లకు సుమారు 1.9 రెట్లు అధికము. పొట్టిముక్కు వలన కలుగు శ్వాసావరోధమైతే సుమారు 54 రెట్లు. బ్రిటను చల్లని దేశము. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు మన ప్రాంతమున ఎంత జాగ్రత్త వలయునో మీరే ఊహింపుడు.

ఇప్పటికే పగ్‌ను పెంచుచున్నవారికి కొన్ని మాటలు. వేసవిలో సూర్యోదయమునకు ముందు, ప్రొద్దు క్రుంకిన చాలసేపటికి మాత్రమే నడిపింపుడు. ఎండ తగిలిన బండపై మీ మునిచేతిని ఐదు క్షణములు ఉంచలేనిచో, అది దాని పాదములకును తగదు. ఇంటిలోపల నీడపట్టున తాండూరు నాపరాతి బండలు చల్లగా నుండును. పగలెల్ల అచ్చటనే పరుండనిండు. మెడపట్టీకి బదులు రొమ్ముపట్టీ వాడుడు. ముడుతలలోని తడిని దినదినము తుడువుడు. కన్నులు ఉబికి యుండుటచే సులభముగా గాయపడును. ఎఱ్ఱబడినచో జాగు చేయరాదు. ఇది తిండిపోతు; కొవ్వు పెరిగినకొలది ఊపిరి మరింత కష్టమగును. ఉల్లి వేసిన కూర, ఎండుద్రాక్షల పాయసము, చాక్లెటు ముద్దుకైనను పెట్టరాదు. ఇవి కుక్కలకు విషము. పిచ్చికుక్కవ్యాధి టీకా మరువరాదు. విశ్రాంతిగా నున్నపుడు సైతము ఊపిరి బిగ్గరగా వినబడుచున్నచో వైద్యునికి చూపుడు. ముక్కు రంధ్రములను వెడల్పు చేసి, అంగిలిని కుదించు శస్త్రచికిత్స కలదు.

క్రొత్తగా కొనదలచినవారు రెండుమారులు ఆలోచింపుడు. కాకిపిల్ల కాకికి ముద్దు. కాని మన ముద్దుకై మరియొక ప్రాణి తన ఊపిరిని చెల్లింపవలెనా? వాకిట తిరుగు ఊరకుక్క పిల్లకు పొడవైన ముక్కున్నది, మన ఎండ దానికి అలవాటు, విశ్వాసమునకు కొదువ లేదు. అయినను పగ్‌యే కావలెనన్నచో, 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము ఎనిమిది వారములు నిండని పిల్లను విక్రయింపరాదని గుర్తుంచుకొనుడు. అమ్మువాని మాటపై, ఛాయాచిత్రముపై కొనకుడు. ఆ ఇంటికి పోయి తల్లికుక్కను చూడుడు. ముక్కు రంధ్రములు విప్పారి యున్నవా, కొంచెము నడచిన తరువాత అది తేరుకొనుచున్నదా, పరికింపుడు. అది నిద్రించునపుడు కొంతసేపు ప్రక్కన కూర్చుండి, దాని ఊపిరిని చెవియొగ్గి వినుడు. బేరము మాట ఆ తరువాత.