జీపుబండిలో బ్యాటరీ స్థానచలనము

మోటారుబండిని చూడగనే అందరి దృష్టియు ఇంజనుపై నిలుచును. ఆ ఇంజనును నిద్రలేపునది మాత్రము ఒక మూల చడీచప్పుడు లేక కూర్చుండు బ్యాటరీ. విద్యుత్తు రాని గ్రామములలో పూర్వము బ్యాటరీ రేడియోలతో వార్తలు విన్న పెద్దలకు దాని పోషణ క్రొత్త కాదు. పట్టణమునకు పంపి ఛార్జి చేయించి తెప్పించుకొనుట, శుద్ధజలము పోయుట, ఆమ్లపు చుక్క పడి పంచెకు చిల్లి పడుట, ఇవన్నియు ఆ కాలపు ఇంటి ముచ్చటలే. కొండదారులలో, వాగులలో, రాళ్లపై తిరుగు జీపువంటి బండిలో ఆ బ్యాటరీని ఉన్నచోటినుండి కదల్చి వేరొకచోట అమర్చుకొనుట కొందరికి అవసరముగను, మరికొందరికి వేడుకగను ఉన్నది. పని చూచుటకు చిన్నది. రెండు తీగెలు విప్పి, పెట్టెను మార్చి, తీగెలను పొడిగించినచో అయిపోవునని తోచును. కాని తీగెతోపాటు ప్రమాదము కూడ పొడుగగును. ఆ ప్రమాదమును అదుపులో ఉంచుట ఎట్లన్నదే నేటి ప్రసంగమునకు ముఖ్యవిషయము.

సీసపు పలకలను పలుచని గంధకికామ్లములో ముంచి విద్యుచ్ఛక్తిని నిలువచేయు పద్ధతిని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. ఇట్టి బ్యాటరీలో ఒక్కొక్క గదికి 2 వోల్టులకు కొంచెము పైగా ఒత్తిడి ఉండును. ఆరు గదులను వరుసగా కలిపి పూర్తిగా ఛార్జి చేసినచో 12.6 వోల్టులు లభించును. రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపులో మూడు గదుల 6 వోల్టుల బ్యాటరీ ఉండెడిది. తరువాతి బండ్లలో 12 వోల్టులు వాడుకలోనికి వచ్చెను. 1912లో కాడిలాక్ కారులో విద్యుత్ స్టార్టరును అమర్చిన పిదప, చేతితో హాండిలు త్రిప్పి ఇంజనును కదిలించు శ్రమ క్రమముగా తొలగిపోయెను. ఆనాటినుండి బ్యాటరీ బండికి అత్యవసరమైన అంగమయ్యెను.

12 వోల్టుల తీగెను తాకినచో మనిషికి షాకు కొట్టదు. అందుచేత దానివలన భయము లేదని తలచువారు కలరు. ఒత్తిడి తక్కువైనను ప్రవాహము మిక్కిలి ఎక్కువ. మన ఇంటి పంకా అర ఆంపియరు విద్యుత్తునైనను తీసికొనదు. జీపు స్టార్టరు తాను తిరుగు ఆ కొద్ది క్షణములలోనే 150 నుండి 250 ఆంపియర్లు లాగుకొనును. డీజెలు ఇంజనుకు ఇంకను ఎక్కువ కావలసివచ్చును. ఇంత ప్రవాహమును మోయు తీగెను బండి పొడవునా నడిపించుచున్నామను సంగతి పని మొదలుపెట్టకముందే మనస్సున ఉంచుకొనవలెను.

ఇంతకును బ్యాటరీని కదల్చవలసిన అవసరమేమి? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున రూబికాన్ అను కొండబాట కలదు. ఆ బాటలో 1953నుండి జీపు యజమానులు జట్లుగా కూడి యాత్రలు చేయుచున్నారు. బండరాళ్లమీదుగా బండిని ఎక్కించి దింపవలసిన ఆ మార్గమునకై వారు జీపులకు పెద్ద ఇంజనులు తగిలింతురు. బురదనుండి బండిని లాగు వించ్‌ను, చక్రములకు గాలి నింపు కంప్రెసరును అమర్చుకొందురు. చిన్న జీపు బానెట్టు క్రింద ఇన్నింటికి చోటెక్కడిది? అందుచేత బ్యాటరీ స్థలము ఖాళీ చేయవలసివచ్చును.

రెండవ కారణము వేడి. బ్యాటరీ నిలుచుచోట ఉష్ణోగ్రత 25 డిగ్రీలనుండి 10 డిగ్రీలు పెరిగినచో దాని ఆయువు సుమారు సగమగునని అనుభవజ్ఞుల లెక్క. రెంటచింతల ఎండకు ఇంజను వేడియు తోడైనపుడు బ్యాటరీ గతి యేమో చెప్పనక్కరలేదు. మూడవ కారణము బరువు. ముందుభాగపు బరువు వెనుకకు పోవునని పలువురు చెప్పుదురు. ఇందులో సత్యము కొంతయే. బ్యాటరీ బరువు 15 నుండి 20 కిలోలు. పాత జీపు బరువు 1,000 కిలోలకు పైగా. అనగా మార్పు నూటికి రెండు పాళ్లు కూడ కాదు. చోటు చాలకనో, వేడికి తాళలేకనో బ్యాటరీని కదల్చుట న్యాయము. కేవలము బరువుకొరకు కదల్చుట శ్రమకు తగిన ఫలమీయదు. ఈ కారణములలో ఏదియు లేనివారు దానిని ఉన్నచోటనే ఉండనిచ్చుట మేలు.

మార్చవలెనని నిశ్చయించుకొన్న పిదప స్థలనిర్ణయము. బ్యాటరీ నేలకు దగ్గరగను, ముందువెనుక చక్రముల నడుమను ఉండుట ఉత్తమము. వాగు దాటునపుడు నీరు తగులనంత ఎత్తు ఉండవలెను. సైలెన్సరు గొట్టమునకు దూరముగా ఉండవలెను. వెనుకనుండి మరియొక బండి గ్రుద్దినపుడు నలిగిపోవు చివరిభాగము పనికిరాదు. బండి అడుగున వ్రేలాడదీసినచో మొదటి రాయియే దానిని పగులగొట్టును.

ఈ నియమములన్నియు చూచుకొన్నపుడు మిగులునది ముందుసీటు క్రిందిభాగముగాని, దాని వెనుకభాగముగాని. బ్రిటిషువారి లాండ్‌రోవర్ డిఫెండరులో తయారీయందే బ్యాటరీ ముందుసీటు క్రింద ఉండెడిది. కాని పాత విల్లీస్ జీపులలో ఒక సంగతి మరువరాదు. వానిలో డ్రైవరు సీటు క్రింద పెట్రోలు టాంకు కలదు. నిప్పురవ్వ పుట్టించగల వస్తువును పెట్రోలు ప్రక్కన చేర్చరాదు. పనిముట్ల పెట్టె ఉండు రెండవ సీటు క్రింద అయినను, టాంకునకు బ్యాటరీకి నడుమ గట్టి అడ్డుపలక ఉండవలసినదే.

సీటు క్రింద పెట్టినపుడు మరియొక జాగ్రత్త. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారులో బ్యాటరీ వెనుకసీటు క్రింద ఉండెడిది. దానిపై మూత లేనిచో, బరువైన మనిషి కూర్చుండగా సీటు స్ప్రింగులు క్రుంగి బ్యాటరీ ధ్రువములను తాకి, సీటులోని పీచు అంటుకొనుట కలదు. కాబట్టి ధ్రువములపై రబ్బరు తొడుగులును, బ్యాటరీపై విద్యుత్తు పారని గట్టి మూతయు తప్పనిసరి.

ఇక బిగింపు. గోతిలో చక్రము పడినపుడు బ్యాటరీ తన బరువుకు ఎన్నియో రెట్ల బలముతో ఎగురజూచును. బండి తలక్రిందులైనచో అది ప్రయాణికుల తలలపైకి వచ్చును. పలుచని రేకు నేలకు మరలు బిగించి ఊరుకొన్నచో కొన్నాళ్లకు రేకే చిరుగును. ఇనుప పళ్లెమొకటి చేయించి, రేకు క్రింద మందపు పట్టీలు వేసి, బోల్టులు ఆరపార దూర్చి, వదులుకాని నట్టులతో బిగించవలెను. పైనుండి అడ్డముగా ఒక పట్టీ బ్యాటరీని అదిమిపట్టవలెను. చేతితో పట్టి ఊపినపుడు బ్యాటరీ కదలినచో బండి కదలవలెను; బండి కదలక బ్యాటరీ మాత్రమే కదలరాదు.

తరువాత తీగె లావు. తోటలో నీరు పోయు రబ్బరు గొట్టము పొడుగైనకొలది చివర నీటి వేగము తగ్గుట మనమెరిగినదే. గొట్టము వెడల్పైనచో ఆ నష్టము తగ్గును. విద్యుత్తుకు కూడ ఇదే ధర్మము. బ్యాటరీ వెనుకభాగమున ఉండి, స్టార్టరు వరకు 4 మీటర్ల రాగితీగె పట్టినదనుకొందము. దాని అడ్డుకోత 16 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే అయినచో, 250 ఆంపియర్లు పారునపుడు దారిలోనే 1 వోల్టుకు పైగా నశించును. 50 చదరపు మిల్లీమీటర్ల తీగె వేసినచో నష్టము వోల్టులో మూడవవంతు మాత్రమే. స్టార్టరు తిరుగునపుడు బ్యాటరీ ఒత్తిడి ఎటులను పడిపోవును. ఆపై మరియొక వోల్టు పోయినచో చలికాలపు వేకువన ఇంజను మూలుగును గాని లేవదు. కనుక తీగె విషయమున పొదుపు పనికిరాదు.

ఈ లెక్క వెళ్లు దారికి మాత్రమే. విద్యుత్తు తిరిగివచ్చుటకు కూడ దారి కావలెను. అది బండి ఛాసిస్ ద్వారా వచ్చును. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండును. రబ్బరులో విద్యుత్తు పారదు. కాబట్టి ఇంజనునుండి ఛాసిస్‌కు లావైన పట్టీ ఒకటి, ఛాసిస్‌నుండి బ్యాటరీ ఋణధ్రువమునకు మరియొకటి ఉండవలెను. అవి అంటుకొనుచోట రంగును, త్రుప్పును గోకి లోహము మెరయునట్లు చేయవలెను. ఈ దారి సరిగా లేనిచో విద్యుత్తు తనకు తోచిన దారి వెదకుకొనును. యాక్సిలరేటరు తీగెవంటి సన్నని భాగములగుండ పారి వానిని కాల్చును.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన ఫ్యూజు సంగతి. బ్యాటరీ ఇంజను ప్రక్కననే ఉన్నపుడు స్టార్టరు తీగె పొట్టిది. సాధారణముగా దానికి ఫ్యూజు ఉండదు. ఆ అలవాటుననే కొందరు 4 మీటర్ల తీగెకు కూడ ఫ్యూజు లేకుండ వదలుదురు. అది ఛాసిస్ అంచులకు రాసుకొనుచు, కుదుపుకు కుదుపుకు పైతొడుగు అరుగుచు ఉండును. ఒకనాడు లోపలి రాగి ఇనుమును తాకును. అప్పుడు 1,000 ఆంపియర్లకు మించిన ప్రవాహము దూకును. క్షణములలో తీగె ఎర్రగా కాగును. ఆ సమీపముననే పెట్రోలు గొట్టము ఉన్నచో తరువాతి కథ చెప్పనక్కరలేదు. బండి తాళము తీసివేసినను ఇది ఆగదు; ఈ తీగెకు తాళముతో పనిలేదు.

ఫ్యూజు ఉన్నది బ్యాటరీని కాపాడుటకు కాదు, తీగెను కాపాడుటకు. కావున దానిని స్టార్టరు దగ్గర పెట్టి లాభము లేదు. బ్యాటరీ ధనధ్రువమునుండి జానెడు దూరములోపలనే పెట్టవలెను. అది స్టార్టరు ప్రవాహమును కొన్ని క్షణములు భరించవలెను. తీగె కాలుటకు ముందే తెగవలెను. వించ్ నిండు బరువుమీద 400 ఆంపియర్ల వరకు తీసికొనగలదు. దానికి వేరు తీగె, వేరు ఫ్యూజు ఉండుట క్షేమము. డ్రైవరు సీటులో కూర్చుండియే చేయి చాచి త్రిప్పుటకు వీలుగా మొత్తము విద్యుత్తును ఆపు స్విచ్చి ఒకటి అమర్చవలెను. ఆపద వేళ తప్ప ఇంజను నడుచుచుండగా దానిని ఆపరాదు, ఆల్టర్నేటరు చెడును.

తీగె రేకులో రంధ్రముగుండ పోవుచోట రబ్బరు బిళ్ల ఉండితీరవలెను. ప్రతి మూరెడు దూరమునకు ఒక బిగింపు వేయవలెను. తిరుగు ప్రొపెల్లరు షాఫ్టుకును, సైలెన్సరుకును, పెట్రోలు గొట్టమునకును దూరముగా, రాళ్లు తగులకుండ ఛాసిస్ పైవైపున దానిని నడిపించవలెను.

బ్యాటరీ ఊపిరి విడుచునను మాట కూడ మరువరాదు. ఛార్జి అగునపుడు దానినుండి ఉదజని వాయువు వెలువడును. గాలిలో ఆ వాయువు నూటికి 4 పాళ్లు చేరినచో నిప్పురవ్వకు ప్రేలును. బానెట్టు క్రింద అది గాలికి కొట్టుకొనిపోవును. సీటు క్రింది మూతపెట్టెలో పేరుకొనును. కావున పెట్టె పైభాగమునుండి ఒక గొట్టము బండి వెలుపలికి పోవలెను. నీరు పోయనక్కరలేని మూసిన బ్యాటరీలకు కూడ కవాటము ఉండును. ఛార్జి మితిమీరినపుడు అవియు వాయువును విడుచును. ఆ సీటుపై కూర్చుండి బీడీ ముట్టించుట ఎంత మాత్రము తగదు.

పని క్రమమునకు వత్తము. చేతి ఉంగరమును, గడియారమును ముందుగా తీసివేయవలెను. విప్పునపుడు మొదట ఋణధ్రువపు తీగె. బిగించునపుడు చివర అదే. ఋణధ్రువము విప్పిన పిదప స్పానరు జారి బండిని తాకినను రవ్వ పుట్టదు. అంతయు ముగిసిన తరువాత ఒకరు స్టార్టరు త్రిప్పుచుండగా, మరియొకరు బ్యాటరీ ధనధ్రువమునకు స్టార్టరు బోల్టుకు నడుమ వోల్టుమీటరు ఉంచి చూడవలెను. అర వోల్టుకు మించి చూపినచో ఎచ్చటనో అతుకు చెడ్డదనియో, తీగె సన్ననిదనియో గ్రహింపవలెను. గతుకుదారిలో కొంత ప్రయాణము చేసివచ్చి ప్రతి నట్టును తిరిగి బిగించి చూడవలెను. ఏ అతుకైనను చేతికి వేడిగా తగిలినచో అది విప్పి శుభ్రపరచవలసినదే.

ఈనాటి క్రొత్త బండ్లలో ఋణధ్రువముపైననే బ్యాటరీ స్థితిని కనిపెట్టు పరికరము అమర్చియుండుట కలదు. వానిని సొంతముగా కదల్చరాదు. ఏ బండికైనను వారంటీ ఇచ్చినవారిని, బీమా కంపెనీని ముందుగా విచారించుట తెలివి. నిప్పు అంటుకొన్న తరువాత చేయు విచారణ వేరుగా ఉండును.

మన్యపు దారులలో సీటు నిండ మనుష్యులతో, ఒడిలో బిడ్డలతో, సంత మూటలతో జీపులు నడుచుచున్నవి. సీటు క్రింద ఏమున్నదో ఆ ప్రయాణికులు ఎరుగరు. ఎరుగవలసిన పనియు వారికి లేదు. బిగింపు, లావుతీగె, ఫ్యూజు, గాలిగొట్టము, ఈ నాలుగింటిని అమర్చు బాధ్యత బ్యాటరీని కదల్చినవానిదే. వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఆ బ్యాటరీని తిరిగి ఇంజను ప్రక్కకు చేర్చుటయే ఉచితము.