పాల పుస్తకం మీద పేరు

తెల్లవారక ముందే పాలు పిండి, పేడ తీసి, కేంద్రంలో పాలు పోసి ఇక్కడికి వచ్చిన అక్కలకు, అన్నలకు నమస్కారం.

పాడి సహకారోద్యమాన్ని నడిపిన వర్గీస్ కురియన్ పుట్టిన నవంబర్ 26న ఆయన స్మృతిలో నాలుగు మాటలు చెప్పమన్నారు. గూడూరు పోతున్నానంటే మా మిత్రుడొకరు "నెల్లూరు దిక్కా?" అని అడిగాడు. రైలు జంక్షన్ ఉన్న ఊరికే పేరు దక్కింది. పాకాల అడవి అంచున, భీమునిపాదం జలపాతం ఉన్న మన గూడూరుకు ఆ పేరు దక్కలేదు. పాలకుర్తి దిక్కు ఇంకో గూడూరు ఉంది, దాని గతీ ఇంతే. నేను చెప్పబోయేది కూడా పేరు సంగతే. పాడి చరిత్రను లీటర్లలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పాల సంఘంలో లెక్క రాసే పాల పుస్తకం మొదటి పేజీలో ఎవరి పేరు రాసి ఉందో, అక్కడి నుంచి నేను మొదలుపెడతాను.

పాలు అమ్మడం మన ఊళ్లలో పాత అలవాటు కాదు. పొద్దున పిండిన పాలు ఎండకాలంలో మధ్యాహ్నానికే విరిగిపోతాయి, అవి ఊరు దాటలేవు. దాటేది నెయ్యి. అందుకే పాలు తోడు పెట్టేవారు, చిలికి వెన్న తీసేవారు, కాచి నెయ్యి అంగడికి పంపేవారు. మిగిలిన చల్ల ఊరిది. అడిగినవాళ్లకు లేదనకుండా పోసేవారు. "చల్లకొచ్చి ముంత దాచినట్టు" అనే సామెత అప్పటిదే: ఊరికే పోసే చల్లకు మొహమాటం ఎందుకని. ఇవాళ కొట్టులో చల్ల ప్యాకెట్ కొనే పిల్లలకు ఆ సామెత విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

మన చుట్టూ ఉన్న తండాల కథ కూడా పశువుతోనే ముడిపడి ఉంది. లంబాడీలు తరాల పాటు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగారు. 1889 నాటికి నిజాం రైలు బెజవాడ చేరింది. మానుకోట, కేసముద్రం మీదుగా సరుకు బండ్లు నడిచేసరికి ఎద్దు మీది బేరం పడిపోయింది. బేరం పోయినా పశువు పోలేదు. తండా కదలకుండా నిలబడ్డాక దాన్ని నిలబెట్టిన వాటిలో పాడి ఒకటి.

ఇక అసలు సంగతి. ఆడపిల్ల అత్తగారింటికి వెళ్లేటప్పుడు అరణం కింద ఆవునో బర్రెనో తోలే ఆచారం మీకు తెలుసు. పెయ్య వచ్చేది పుట్టింటి నుంచి. అది పెరిగి, చూలు కట్టి, ఈని, దాని పెయ్య మళ్లీ ఈనుతుంది. కొట్టంలో ఉన్న నాలుగు బర్రెలను చూపి "ఇవన్నీ మా అమ్మ తెచ్చిన పెయ్య సంతానమే" అని చెప్పిన ఇళ్లు నేను చూశాను. పాడి ఇంట్లో తరాలను లెక్కపెట్టాలంటే మనుషుల వంశం ఒక్కటే చూస్తే చాలదు, బర్రె వంశం కూడా చూడాలి. ఆ వంశం ఆడమనిషి చేతి మీదుగా నడిచింది. కుడితి పెట్టింది ఆమె, పాలు పిండింది ఆమె, వట్టిపోయిన బర్రెను అమ్మవద్దని పట్టుబట్టింది కూడా చాలాసార్లు ఆమే. సంఘం వచ్చి సభ్యత్వం రాసిన రోజున మాత్రం "ఇంటి యజమాని పేరు చెప్పండి" అన్నారు. పేరు అయ్యది పడింది.

సంఘం ఎక్కడి నుంచి వచ్చింది? గుజరాత్‌లోని ఆనంద్ చుట్టుపక్కల రైతుల పాలు పోల్సన్ అనే ఒకే కంపెనీ గుప్పిట్లో ఉండేవి. రైతులు బొంబాయికి పాలు పోయడం మానేసి, 1946 డిసెంబర్ 14న కైరా జిల్లా సంఘాన్ని రిజిస్టర్ చేయించుకున్నారు. ముందుండి నడిపించింది త్రిభువన్‌దాస్ పటేల్. కురియన్ అక్కడికి 1949లో ఉద్యోగిగా వచ్చాడు, రైతులకు జీతగాడినని చివరిదాకా చెప్పుకున్నాడు. బర్రె పాలతో పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారు. కురియన్ మిత్రుడు దలాయా చేసి చూపాడు, 1955లో అక్కడి కర్మాగారం మొదలైంది. ఇది గూడూరుకు ఎందుకంటారా? మన బర్రెలు వానకాలం చివర, చలికాలంలో ఎక్కువగా ఈనుతాయి. అప్పుడు పాలు పొంగిపొర్లుతాయి, ఎండకాలంలో కరువు. పొడి చేయడం చేతకాకపోతే చలికాలం పాలకు ధర ఉండదు. ఆరు, ఏడు శాతం వెన్న ఉన్న మన బర్రె పాలకు దేశంలో మర్యాద తెచ్చినవాడు దలాయా. ఆయన పేరు మీద సభలు జరగవు. అది నాకు కొంచెం బాధ.

ఆనంద్‌లో ముందు సంఘం, ఆ తర్వాత డెయిరీ. మన ఉమ్మడి రాష్ట్రంలో తలకిందులుగా జరిగింది. 1960లో ప్రభుత్వం సమగ్ర పాల పథకం పెట్టింది, 1974లో పాడి అభివృద్ధి కార్పొరేషన్ వచ్చింది, 1981లో దాన్ని సహకార సమాఖ్యగా మార్చారు. విజయ పాలు మనకు అలా వచ్చాయి. మేలు జరగలేదని నేననను. పాల వ్యాను రావడంతో ఊరి పాలకు పట్నం దారి తెలిసింది, పదిహేను రోజులకొకసారి బిల్లు చేతికొచ్చింది. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, అప్పులవాడు గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. పాల డబ్బు మాత్రం ఉప్పుకు, బడి ఫీజుకు, మందులకు ఇంట్లో మిగిలింది. కానీ సంఘం సర్కారు శాఖలాగే నడిచింది. వెన్న శాతం కాగితం మీద రాసేవారే గానీ వెన్న కొలిచిన గొట్టం చూపించేవారు కాదు. మా అమ్మ ఒకసారి "ఏది బాబూ, నాక్కూడా చూపించు" అని అడిగిందట. ఆ రోజు శాతం రెండు పాయింట్లు పెరిగిందని నవ్వుతూ చెప్పేది. ఆ కేంద్రం పేరు చెప్పను, అక్కడ పనిచేసినవారు ఇప్పుడు ముసలివారయ్యారు.

పుస్తకం మీద పేరు మారిన చోటు మనకు దూరమేం కాదు. హనుమకొండ నుంచి ఎల్కతుర్తి దాటి సిద్దిపేట దారిలో వెళ్తే ముల్కనూరు వస్తుంది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి అక్కడ గ్రామీణ సహకార బ్యాంకును మొదలుపెట్టారు. సహకార సంఘాలకు అండగా నిలిచే సహవికాస సంస్థ తోడుతో ఆ ప్రాంతంలో 1990ల్లో మహిళల పొదుపు సంఘాలు వేళ్లూనాయి. లెక్కలు రాయడం, అప్పు ఇవ్వడం, వసూలు చేయడం నేర్చుకున్న ఆడవాళ్లే 2002లో సొంతంగా డెయిరీ నడపడం మొదలుపెట్టారు. సభ్యులు మహిళలు, పాలకవర్గం మహిళలు. పాల ప్యాకెట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు 'స్వకృషి'.

దీని వెనక ఒక చట్టం ఉంది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వం వాటా తీసుకోదు, పాలకవర్గాన్ని దించలేదు. సభ్యులు పెట్టుకున్న పెట్టుబడి సభ్యులది, తప్పు చేసినా వాళ్లదే. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనది. అదే రాష్ట్రం 2006లో సవరణ తెచ్చి పాల సంఘాలను ఆ చట్టం నుంచి వెనక్కు లాగబోయింది. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటనే నిలబెట్టింది: సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిందేనని, ఒక పద్ధతిలో చేరిన సభ్యులను ఇంకో పద్ధతిలోకి బలవంతంగా తోయడం కుదరదని. పాల పుస్తకం మీది పేరుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లేంత బరువుంది.

పేరుతో పాటు వచ్చేది ఓటు. డెన్మార్క్‌లో యెడ్డింగ్ అనే పల్లె రైతులు 1882లో సహకార డెయిరీ పెట్టుకున్నారు. పశువులెన్ని ఉన్నా మనిషికి ఒకే ఓటు. ఓటు మనుషుల తలలను బట్టే గానీ పశువులను బట్టి కాదని అక్కడివాళ్లు అంటారు. రెండు బర్రెల ఇల్లు, ఇరవై బర్రెల ఇల్లు ఒకే వరుసలో కూర్చోవడం మన ఊళ్లో ఏ ఇతర సభలో చూశారో మీరే చెప్పండి.

ఇప్పటి సంగతి రెండు మాటల్లో. 2014 తర్వాత విజయ డెయిరీకి పాలు పోసేవారికి లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం వచ్చింది, 2017లో దాన్ని ముల్కనూరు వంటి సంఘాలకూ ఇచ్చారు. మంచిదే. కానీ జొన్న పోయి పత్తి వచ్చాక చొప్ప లేదు. యంత్రం కోసిన పొలంలో గడ్డి ముక్కలై పోతోంది, కట్టలు కట్టించుకోవాలంటే మళ్లీ ఖర్చు. కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు, కోడలికి పిల్లల చదువు. నాలుగు తరాల బర్రె వంశం ఐదో తరంలో అంగడికి పోతోంది. ఇందులో పిల్లల తప్పు వెతకడం నాకిష్టం లేదు. పిండినామెకు పేరు లేని పనిని, ఓటు లేని సంఘాన్ని ఆమె బిడ్డ ఎందుకు వారసత్వంగా అడుగుతుంది?

ఇవాళ సాయంత్రం పాలు పోసి ఇంటికి వెళ్లాక పుస్తకం తీసి మొదటి పేజీ చూడండి. పాలు పిండే మనిషి పేరు అక్కడ లేకపోతే, ఈసారి సర్వసభ్య సమావేశం లోపు సభ్యత్వం ఆమె పేరు మీదికి మార్పించండి. ఆ సమావేశానికి ఆమెనే పంపండి. ఆ పూట గడ్డి అన్నలు వేస్తారు.