నడకకు దగిన నాదము



ఇటీవల మన పాఠశాలల వార్షికోత్సవములందు ఫ్యాషన్ షో యను నొక వేడుక ప్రవేశించినది. పిల్లలు మంచి యుడుపులు ధరించి, యొక్కొక్కరుగా వేదికపై నడచి, చూపరులకు గనబడి మరలిపోవుదురు. అందు కథ లేదు, సంభాషణ లేదు. ఉన్నవి మూడే: ఉడుపు, నడక, వెనుక మ్రోగు వాద్యము. 2025 మే నెలలో హైదరాబాదున ప్రపంచసుందరి పోటీలు జరిగిన పిమ్మట ఇట్టి నడకల మాట పల్లెలలో గూడ వినబడుచున్నది. బాసరలో జ్ఞానసరస్వతీ సన్నిధిని మనము అక్షరాభ్యాసము చేయించిన బిడ్డలే ఈ వేదికల నెక్కుచున్నారు. కావున ఇది పరదేశపు వేడుక యని పెద్దలు మొగము ద్రిప్పుకొనుట తగదు. పాట నెన్నుకొనుటలోనే ఆ బిడ్డల మర్యాద యిమిడియున్నది.

నడకకు నాదము గూర్చుట మనకు గ్రొత్త గాదు. పాత్ర రంగమును ప్రవేశించునపుడు పాడు పాటకు ప్రావేశికి యనియు, నిష్క్రమించునపుడు పాడుదానికి నైష్క్రామికి యనియు భరతముని నాట్యశాస్త్రమున పేరిడెను. ఉత్తమపాత్ర యడుగునకు నాలుగు కళలు, మధ్యమపాత్రకు రెండు, అధమపాత్రకు ఒకటి యని కాలమును గూడ నిర్ణయించెను. నడచువా రెవరో తెలిసిన పిమ్మటనే లయ నిర్ణయము కావలెనని దీని భావము. కూచిపూడివారి పాత్రప్రవేశదరువు ఈ మార్గమునే యనుసరించినది.

మన ఆదిలాబాదు గోండుల దండారిని జూడుడు. దీపావళి దినములలో గుస్సాడీలు నెమలియీకల కిరీటములు దాల్చి, గజ్జెలు గట్టి, డోలు పెప్రెల ధ్వని కడుగు వేయుదురు. అచట వేషమే యొక వాద్యము. ఆ కళకు జీవితము ధారవోసిన మర్లవాయి కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ లభించినది.

ఇక మనము గమనింపవలసినవి మూడు.

మొదటిది లయ. సైనికుల కవాతున నిమిషమునకు 120 అడుగులు పడును. పట్టుచీర గట్టిన బాలికకు ఆ వేగము పనికిరాదు. కుచ్చెళ్లు కాళ్లకు దగులును, అంచు పనితన మెవరి కంటను బడదు. ఆమెను ఆ చీరతోనే యొక నిమిషము నడిపించి యడుగుల నెంచి, ఆ లెక్కకు సరిపడు తాళమును గైకొనుడు. పాట కొరకు బాలికను పరుగెత్తింపరాదు.

రెండవది సాహిత్యము. నడచు బిడ్డ నోట మాట లేదు గనుక వెనుక వినబడు మాటలన్నియు ఆమెకే యంటుకొనును. ద్వ్యర్థపు పాట పెట్టినచో ఈలలు లేచును. నేతగాని శ్రమ మరుగున బడును. బిడ్డ తల వంచుకొని దిగును. మరుసటి యేడు తండ్రి యామెను వేదిక యెక్కనీయడు. తప్పు పాటది, శిక్ష బిడ్డకు. మాటలు లేని సన్నాయి, వీణ, వేణువు మేలు. దక్షిణదేశపు దేవాలయములలో స్వామి యూరేగింపునకు నాగస్వరముపై వాయించు మల్లారికి సాహిత్యమే లేదు. అయినను దాని గాంభీర్యమునకు గొఱతయే లేదు.

మూడవది వాయించువారు. యంత్రము వేచియుండదు. కొంగు సవరించుకొనుటకై బాలిక క్షణము నిలిచినను ముద్రితగీతము తన దారిని తాను సాగిపోవును. సన్నాయి వాయించు నేర్పరి, డప్పు వాయించు నేర్పరి యామెను జూచుచు ఇంకొక యావృత్తము వాయించి కాచుకొందురు. అట్టి వారు మన యూళ్లలోనే యున్నారు. పెండ్లిండ్లకు సైతము పిలుపులు తగ్గి కూర్చున్నారు. యంత్రపు అద్దెకు వెచ్చించు ధనము వారికి జేరినచో బిడ్డ మర్యాదయు, వారి విద్యయు నిలుచును. ఒక్క నియమము: వాద్యధ్వని యెంతటి దైనను కాలియందెల సవ్వడిని మ్రింగివేయరాదు.

పెద్దలారా, ఉత్సవమునకు చందా యడుగవచ్చిన యువకులను ఎంత కావలెనని యడుగుటకు ముందు, పాట యేదని యడుగుడు. దానిని వినిపింపుమనుడు. మీ మనుమరాలు ఆ పాటకు పదిమంది యెదుట నడచుచున్నట్లు తలచుకొనుడు. తల యెత్తి చూడగలిగితిరా, చందా యిండు. చూడలేకపోతిరా, వేఱొక పాటను దెమ్మని పంపుడు.