టీవీ ఆగితే ముందు చూడవలసినవి



టెలిఫోన్ లైన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, మన సభ్యుల ఇళ్లలో టీవీ ఆగితే కబురు నాకే వస్తుంది. డిష్ ఉన్న ఇళ్ల సంగతే చెబుతాను. తెరమీద ‘నో సిగ్నల్’ కనబడగానే బాక్సు పోయిందని కొత్తది అంటగట్టేవాళ్లున్నారు. పెన్షన్ డబ్బు అలా పోనివ్వకండి.

మొదట టీవీ రిమోట్‌లో సోర్స్ చూడండి. మనవలు మార్చి వదిలేస్తుంటారు. అది సరిగ్గానే ఉంటే బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరవండి. స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. మొదటిది నిండుగా ఉండి రెండోది పడిపోతే, సాధారణంగా డిష్ పక్కకు జరిగి ఉంటుంది, లేదా చెట్టు అడ్డం పెరిగి ఉంటుంది. డీడీ ఫ్రీ డిష్ ఛానళ్లు పంపే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మనకది ఆగ్నేయ దిక్కు. ఆ వైపు పెరిగిన వేపకొమ్మ చాలు.

కొన్ని ఛానళ్లు వచ్చి కొన్ని రావడంలేదా? డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఆ కేబుల్లోనే, బాక్సు నుంచే వెళ్తుంది. కొన్ని ఛానళ్లకు 13 వోల్టులు, మిగతావాటికి 18. కనెక్టర్లో నీరు దిగి చిలుమెక్కితే చాలినంత అందదు, ఒక వరస ఛానళ్లు మాయమవుతాయి. కొద్ది రూపాయల కనెక్టరుతో పోయేదానికి బాక్సు మార్చడమెందుకు? విప్పేముందు బాక్సు ప్లగ్గు తీయించండి.

జోరువానలో ఆగితే ఏదీ ముట్టుకోవద్దు. ఆ తరంగాలను చినుకులే పీల్చేస్తాయి, వాన తగ్గగానే బొమ్మ అదే వస్తుంది.

డాబా ఎక్కే పని మాత్రం కుర్రవాళ్లకు వదలండి. మీరు కింద కూర్చుని, గీత చూస్తూ ‘పెరిగింది, తగ్గింది’ అని కేకేస్తే చాలు. క్వాలిటీ గీత చూశాకే డబ్బులివ్వండి.