సభ్యురాలు ఒకరు, నంబర్లు మూడు
(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ దినం మేము చెప్పదలచినది దాణా గురించి కాదు, పశువైద్యం గురించీ కాదు. మీ సభ్యత్వ రిజిస్టరులో ఫోను నంబరుకు, బ్యాంకు ఖాతాకు ఉన్న రెండు గడుల గురించి. చిన్న సంగతే అనిపిస్తుంది. కాని పాలు పోసిన మనిషికి లెక్క తెలియటం, డబ్బు చేరటం ఆ రెండు గడుల మీదనే ఆధారపడి ఉన్నవి.

నల్లగొండ వైపు ఒక సంఘంలో మేము రిజిస్టరు తిరగవేసినాము. ఒక అవ్వ పేరు రెండు వరుసలలో ఉన్నది. ఒకచోట పెద్దకొడుకు నంబరు, వేరొకచోట ఎవరూ ఎత్తని నంబరు. అడిగితే అవ్వ ఇట్లా అన్నది: "పెద్దోడు బొంబాయిల ఉంటడు బిడ్డా. పాలు పోసేది నేను, మెసేజి పోయేది వానికి." వెన్న శాతం తగ్గి రేటు పడిపోయిన సంగతి బొంబాయికి చేరినది గాని అవ్వకు చేరలేదు. బిల్లు వచ్చిన తరువాతనే ఆమె సంఘానికి వచ్చి కొట్లాడినది. అప్పటికి ఏ పూట పాలకు ఏ పరీక్ష వచ్చినదో ఎవరికి గుర్తుంటుంది? తప్పు అవ్వది కాదు. నంబరు వ్రాసుకొని మళ్ళీ అడగని మనదే.

పాలమూరు నుండి బొంబాయికి, పూణెకు వలస మనకు కొత్త కాదు. పోయినవాడు అక్కడ కొత్త సిమ్ము కొంటాడు, పాతది మూలన పడుతుంది. మూడు నెలలు వాడని నంబరును కంపెనీ రద్దు చేయవచ్చును. కొంతకాలానికి అది వేరొకరికి పోతుంది. ఇక మన సభ్యురాలి పాల లెక్క ముఖం తెలియని మనిషికి పోతూ ఉంటుంది. కంపెనీ మారినా పాత నంబరే ఉంచుకొనే వీలు 2011 నుండి ఉన్నది. తెలియని వారికి చెప్పండి.

బర్రె చెవికి 12 అంకెల బిళ్ళ వేస్తున్నాము. అది ఎన్ని చేతులు మారినా నంబరు దానితోనే పోతుంది. మనిషికీ అట్లే సభ్యత్వ సంఖ్య ఒక్కటే ఉండాలి. దాని కింద ఎన్ని ఫోను నంబర్లయినా వ్రాయండి, కాని ఏ కబురు దేనికి పోవాలో గుర్తు పెట్టండి. పూటపూటా పాల లెక్క ఇంట ఉండే ఫోనుకు పోవాలి. కొడుకుకు కూడా కావాలంటే అవ్వను అడిగి చేర్చండి. మహాజన సభ నోటీసు మాత్రం సభ్యురాలికే చేరాలి. సహకార సంఘంలో మనిషికి ఒక్కటే ఓటు గనుక, రెండు వరుసల పేరు ఎన్నికల నాడు తగాదా తెస్తుంది.

అయితే పేరు ఒకటే అని తొందరపడి కొట్టివేయవద్దు. ఒక్క ఊళ్ళోనే ఒకే ఇంటిపేరుతో ఇద్దరు లక్ష్మమ్మలు ఉంటారు. ఫోను లేని ఆమె పక్కింటి నంబరు ఇచ్చి ఉండవచ్చును. అడిగిన తరువాతనే కలం పెట్టండి.

బ్యాంకు గడి ఇంతకంటె చిక్కు. నాగార్జున గ్రామీణ బ్యాంకు, సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసినవి. తెలంగాణలోని ఆ శాఖలు 2025 జనవరి 1 నుండి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరినవి. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2020లో ఆంధ్రా బ్యాంకు పేర్లు పోయినవి. పెట్టెలోని పాసుపుస్తకం మీద పాత పేరే ఉంటుంది. శాఖ కోడు కొత్తదేనా అని చూడండి.

ఇంకొకటి. మన పాల బిల్లు రిజిస్టరులో వ్రాసిన ఖాతాకు పోతుంది. ఆధార్ మీద వచ్చే సర్కారు సొమ్ము మాత్రం చివరగా ఆధార్ జోడించిన ఖాతాలో పడుతుంది. "పాల పైసలు వచ్చినయి, సర్కారు పైసలు రాలేదు" అని ఎవరైనా వస్తే, ఇంట్లో ఉన్న రెండవ పాసుపుస్తకం తెమ్మనండి. చాలాసార్లు డబ్బు అందులోనే ఉంటుంది.

దీనికి ప్రత్యేకంగా సభ పెట్టనక్కరలేదు. పొద్దున పాలు పోసే వేళ రోజుకు పది మంది నంబర్లకు రింగు ఇవ్వండి. ఫోను ఎక్కడ మోగిందో, ఎవరు ఎత్తినారో రిజిస్టరులో తేదీ వేసి వ్రాయండి.

ఆ అవ్వ రెండవ వరుసను ఆమె ముందరనే కొట్టివేసినాము. ఇప్పుడు మెసేజి ఇంటి దగ్గరుండే మనుమరాలి ఫోనుకు వస్తున్నది. కొడుకు నంబరు కూడా ఉంచమన్నది, ఉంచినాము. ఆమెకు చదువు రాదు గనుక పరీక్ష యంత్రం చీటీ కూడా చేతికి ఇమ్మని కార్యదర్శికి చెప్పి వచ్చినాము.