అన్నప్రసాద వంటశాలలో పొగగొట్టము
(కార్తీక మాసారంభానికి ముందు అన్నదాన సేవకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



రేపటి నుండి కార్తీక మాసము. బొర్రా గుహలలోని శివలింగాన్ని దర్శించుకొని, అరకు లోయ చూచుకొని, మన కొండకు వచ్చే యాత్రికులు ఈ నెలంతా మధ్యాహ్నవేళకు పంక్తిలో కూర్చుంటారు. అన్నదాన మహిమను గురించి పెద్దలు ఈ వేదికపై ఎన్నోమార్లు సెలవిచ్చారు. నేను మాట్లాడబోయేది అంత ఉన్నతమైన విషయం కాదు. మన వంటశాలలో పొయ్యిల మీద ఉన్న చిమ్నీని గురించి, దానిలో పేరుకొనే జిడ్డును గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. దయచేసి నవ్వకండి.

మన ధర్మశాస్త్రాలు గృహస్థునికి పంచసూనలను చెప్పినవి. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అనే ఈ ఐదింటి వద్ద మనకు తెలియకుండానే హింస జరుగుతుందనీ, దానికి పరిహారంగానే పంచమహాయజ్ఞాలు విధించబడినవనీ స్మృతికారుల మాట. ఆ ఐదింటిలో పొయ్యి కూడా ఉన్నదని మనకు తెలుసు. అయితే మనం పొయ్యిని అలికి ముగ్గు పెడతామే గాని, దాని పైకి తలెత్తి చూడము. తిరుమలలో వంటశాలను పోటు అంటారు. ఆలయంలో వకుళమాత పోటువైపు చూస్తూ కొలువై, స్వామివారి నైవేద్యాన్ని స్వయంగా పర్యవేక్షిస్తున్నదని భక్తుల విశ్వాసం. నాకూ ఇక్కడ పర్యవేక్షకుడన్న పేరే ఉన్నది. కాని నేను సరిగా చూడలేదు. ఆ సంగతి మీకు చెప్పుకోవలసి ఉన్నది.

మూడేళ్ళ క్రితం కార్తీకంలో, పాత్రలు తోమడానికి వచ్చే గిరిజన సోదరి ఒకామె చిమ్నీ అంచును వేలితో తాకి చూచి, "అయ్యగారూ, మా ఇంట్లో మసి రాలుతుంది. ఇక్కడ మసి కారుతోంది" అన్నది. నేను విని ఊరుకున్నాను. ఈ కొండలలోని పాత ఇళ్ళలో పొయ్యిమీద అటక ఉంటుంది. మొక్కజొన్న కంకులను, విత్తనాలను అక్కడ పొగకు ఆరబెడతారు, పురుగు పట్టదు. అక్కడి మసి పొడిమసి. (ఆ పొగ గింజలకు మంచిదైనా మనుషులకు మంచిది కాదు. ఇళ్ళలోని పొగ మూలంగా 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.) మన వంటశాలలో గారెలకు, బూరెలకు మరిగే నూనె ఆవిరై ఆ పొగతో కలిసి పైకి పోతుంది. కట్టెల మసి, నూనె జిడ్డు కలిస్తే అది మసి కాదు, ఇంధనం.

పైగా మన ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. కార్తీకం నుండి సంక్రాంతి వరకు తెల్లవారుజామున రేకు గొట్టం మంచుకు గడ్డకట్టినంత చల్లగా ఉంటుంది. వేడి నూనె ఆవిరి ఆ చల్లని గొట్టానికి తగిలితే అక్కడికక్కడే జిడ్డుగా పేరుకొంటుంది. యాత్రికులు ఎక్కువగా వచ్చేదీ, ఎక్కువగా వేపుళ్ళు చేసేదీ ఆ నెలలలోనే.

ఆమె ఆ మాట చెప్పిన రెండవ రోజు సోమవారం. గారెల బాణలిలో నూనె మితిమీరి కాగి మంట లేచింది. వేయించడానికి సుమారు 180 డిగ్రీలు చాలు. 350 దాటితే నూనె తనంతట తానే అంటుకొనే ప్రమాదం ఉన్నది. ఆ మంటను చిమ్నీ పంకా పైకి లాగింది. గొట్టంలోని జిడ్డు అంటుకొన్నది. లోపల రైలు పోతున్నట్లు శబ్దం. ఒక కుర్రవాడు బిందెతో నీళ్ళు తెచ్చాడు; అతని చేయి పట్టుకొని ఆపాను. మరుగుతున్న నూనెలో నీరు పడితే క్షణంలో ఆవిరై, మండుతున్న నూనెను నలుదిక్కులకూ చిమ్ముతుంది. గ్యాసు కట్టి, పంకా ఆపి, బాణలిపై మూత వేశాము. పంక్తిలో కూర్చున్నవారిని విస్తళ్ళ ముందు నుండి లేపి బయటకు పంపాము. అన్నం ముందు నుండి మనిషిని లేపడం నా జన్మలో అదొక్కటే. గోడ అవతల కట్టెల కొట్టు ఉన్నది. ఎర్రబడిన గొట్టం చల్లారేవరకు దానినే చూస్తూ నిలబడ్డాము. స్వామి దయవలన ప్రాణాపాయం కలుగలేదు. వంటస్వామి ఒకరికి మోచేయి కాలింది. ఆ మచ్చ నేటికీ ఉన్నది.

ఆ వారం రిజిస్టరులో "చిమ్నీ శుభ్రము చేయబడినది" అని సంతకం చేసినవాడను నేనే. బయటి స్టీలు అద్దంలా మెరుస్తున్నది కనుక సంతకం చేశాను.

ఏడాదికొకసారి, ఉగాదికి ముందు లోపల కడిగిస్తే చాలునని అనుకొనేవాళ్ళము. అమెరికాలో వంటశాలల అగ్నిభద్రతకు ఎన్.ఎఫ్.పి.ఎ. 96 అనే ప్రమాణం ఉన్నది. అప్పుడప్పుడు మాత్రమే వండే ప్రార్థనాలయాలు ఏటా ఒకసారి తనిఖీ చేస్తే చాలునని అందులో ఉన్నమాట నిజమే. కాని కట్టెలతో వండే చోట నెలకొకసారి చూడాలని కూడా అందులోనే ఉన్నది. దేవాలయమన్న పేరు చూచి మనం మొదటి వరుసలో కూర్చున్నాము. మన పొయ్యి రెండవ వరుసది.

ఇప్పుడు చేయవలసిన పని. పొయ్యిలు చల్లారాక, కరెంటు కట్టివేసి, స్టీలు జల్లెడలను ఊడదీయాలి. మరిగే నీటిలో చాకలిసోడా వేసి అరగంట నాననివ్వాలి. చేతులకు తొడుగులు తప్పనిసరి. అల్యూమినియం జల్లెడలకు సోడా పనికిరాదు, లోహం తినివేయబడుతుంది. వాటికి గిన్నెల సబ్బునీరే వాడాలి. స్టీలుకు పొయ్యి బూడిద కూడా మంచిదే. బూడిదలోని క్షారం జిడ్డుతో కలిసి సబ్బవుతుంది కనుకనే మన అమ్మమ్మలు దానితో గిన్నెలు తోమారు. మన కొండల కుంకుడుకాయల రసం కూడా వాడి చూచాము. లేత జిడ్డుకు పనిచేసింది, ముదిరిన జిడ్డుకు లేదు. జల్లెడలు పూర్తిగా ఆరాకనే బిగించాలి. అవి లేకుండా ఒక్క పూట కూడా పంకా తిప్పరాదు. జిడ్డు కారే తొట్టిని ఏ రోజుకారోజు ఖాళీ చేయాలి. గొట్టం వంపు వద్ద ఇప్పుడు చిన్న తలుపు పెట్టించాము. టార్చి వేసి లోపల చూచినవారే ఇకపై సంతకం చేస్తారు.

దాతలకు ఒక మనవి. చిమ్నీ సమర్పించినవారి పేరు రేకుమీద చెక్కి ఉన్నది, సంతోషం. సోడాకు, చేతి తొడుగులకు, గొట్టం లోపల గీకే పనివానికి, నూనె మంటలనార్పే ప్రత్యేక సిలిండరుకు ఇచ్చే విరాళానికి పేరు చెక్కే చోటు లేదు. అయినా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఈ మధ్యాహ్నం పంక్తి ముగిసిన తరువాత మూడు గంటలకు జల్లెడలు దించుతాము. రాదలచిన సేవకులు పాతబట్టలు కట్టుకొని రండి. ఆ సోదరి కూడా వస్తున్నది. గొట్టం తలుపు వద్ద టార్చి ఆమె చేతిలోనే ఉంటుంది.